ఉద్దండవర్మ ఎడమకాలు

మా సేనాని కొంచెం కుంటుతాడు. ఎడమకాలు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. చంద్రశిలా రాజ్యంలో మాంత్రికులున్నారు, మాట్లాడే చిలకలున్నాయి, రెండు తలల పాము ఒకటి కోశాగారానికి కాపలా కాస్తూ ఉంటుంది. వాటి జోలికి ఎవరూ రాలేదు. ప్రభుత్వం వారి చూపు మాత్రం తిన్నగా వచ్చి మా ఉద్దండవర్మ ఎడమకాలి మీదే పడింది.

నేను జానపద నవలలు రాస్తాను. కత్తులు, కోటలు, గుర్రపుడెక్కల చప్పుళ్ళు, మాంత్రికులు ఎత్తుకుపోయే రాజకుమార్తెలు. ఏళ్ళ తరబడి ఇదే నా పని. ఎవరి బాల్యం ఎలా గడిచిందని ఒక్క పాఠకుడూ అడిగిన పాపాన పోలేదు. రాకుమారుడు అడవిలో అడుగుపెట్టాడంటే పెట్టాడు. వాడికి చిన్నప్పుడు వాళ్ళమ్మ వేళకు అన్నం పెట్టిందో లేదో మనకెందుకు? ఎదురుగా పులి వస్తోంది, ముందు దాని సంగతి చూడాలి.

అలాంటిది ఈమధ్య ఒక పిచ్చి పట్టుకుంది. ప్రతి పాత్రకీ చిన్ననాటి గాయం ఉండి తీరాలట. గాయం లేని పాత్ర పాత్రే కాదట. రాజధానిలో ఏదో పెద్ద హోటల్లో దీనిమీద సదస్సు జరిగింది. భోజనాలు బాగా కుదిరాయట. తిన్న మంత్రిగారు చెయ్యి కడుక్కోకుండానే ఒక మండలిని ప్రకటించేశారు. దాని పేరు పాత్రల ప్రామాణికతా మండలి. ఇకమీదట పత్రికల్లో అచ్చయ్యే ఏ పాత్రకైనా ఒంట్లో లోపం ఉంటే, దానికి కారణమైన చిన్ననాటి గాయం నమ్మదగినదేనని ఆ మండలి తేల్చి చెప్పాలి. తేల్చకపోతే అచ్చు లేదు.

మా వారపత్రిక ఎడిటర్ కాశీపతి ఫోన్ చేశాడు.

"మహేశం గారూ, మీవాడి కాలు సంగతి ఏంటండీ? సీరియల్ ఆపమని నోటీసొచ్చింది. పోనీ వచ్చేవారం నుంచి తిన్నగా నడిపించెయ్యండి, దరిద్రం వదిలిపోద్ది."

"తిన్నగా నడిచేవాడైతే వాడు సేనాని అయ్యేవాడే కాదయ్యా. నేలమీద వెనకబడుతున్నాననే కదా గుర్రం ఎక్కింది! ఆ కాలు తీసేస్తే కథే లేదు."

"అయితే ఆ మండలికెళ్ళి ఏదో ఒక గాయం చెప్పి ఒప్పించుకు రండి. గాయాలకేం కరువండీ మన దేశంలో?"

నిజానికి గాయం కోసం నేను వెతుక్కోవలసిన పని లేదు. మా పెద్దమ్మ కూతురు నాంచారక్కను చూసే ఆ కాలు రాశాను. ఆరేళ్ళప్పుడు కాలవలో గేదెను కడుగుతుంటే, అది గట్టు మీద జారి తమాయించుకోబోయి ఆమె కాలిమీద అడుగేసింది. నాటువైద్యుడు కట్టు కట్టాడు. ఎముక దానికి తోచినట్టు అతుక్కుంది. అప్పట్నుంచి ఆమె నడక అంతే. బావ పోయాక వికలాంగుల కోటాలో మా ఊరి బస్టాండులో ఒక టీ కొట్టు ఇచ్చారు. దానిమీదే ఆమె బతుకు. డ్రైవర్లు, కండక్టర్లు అక్కడే టీ తాగుతారు. నా సీరియల్ వచ్చిన రోజున ఎవరో ఒక కండక్టరు పైకి చదువుతాడు, అక్క టీ కలుపుతూ వింటుంది. చిన్న అక్షరాలు ఆవిడకి ఆనవు.

"అక్కా, నాతో ఒకసారి జిల్లా ఆఫీసుకి రావాలే. నీ కాలు చూపిద్దాం. చూశారంటే ఇంక నోరెత్తరు," అన్నాను.

"నా కాలు చూడ్డానికి ఆఫీసు కూడా పెట్టారంట్రా? సరే, పద. ఎలాగూ పంచదార కొనాలి," అంది.

మండలి హాలు చల్లగా ఉంది. అధ్యక్షులు త్రిపురాంతకం గారు నీటిపారుదల శాఖలో చేసి రిటైరయిన మనిషి. సాహిత్యానికీ ఆయనకీ సంబంధం ఏమిటంటే, ఆయన ఇంతవరకూ ఒక్క నవలా చదవలేదు కనుక పక్షపాతం ఉండదని వేశారట. ఆయనకి కుడివైపున ఎముకల డాక్టరు వజ్రేశ్వరి. ఎడమవైపున చరిత్ర ఆచార్యులు భోగలింగం గారు. చివర్న పశుసంవర్ధక శాఖ నుంచి ఒక యువకుడు, గేదెల తరఫున హాజరయ్యాడు. ఆ శాఖకి ముందే కబురెలా అందిందో నాకు తెలియదు.

"సదరు పాత్రధారి..." అని మొదలుపెట్టారు అధ్యక్షులు.

"పాత్రధారి కాదండీ, పాత్ర."

"సదరు పాత్ర, శ్రీ ఉద్దండవర్మ, సేనాని, చంద్రశిలా రాజ్యం. కుంటితనం... క్షమించాలి, ఆ పదం వాడరాదు. నడక వైవిధ్యం. సదరు వైవిధ్యం గేదె పదఘట్టనం మూలంగా సంక్రమించినదని దరఖాస్తుదారు వాదన. అవునా?"

"గేదె తొక్కిందండి," అన్నాను.

"అదే మనవి చేస్తున్నాను," అన్నారాయన.

డాక్టరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "పేషెంటును తీసుకొచ్చారా?"

"అమ్మా, ఆయన కల్పిత పాత్ర."

"అయితే ఎక్స్‌రే?"

"కల్పిత పాత్రకి ఎక్స్‌రే ఎలా వస్తుందమ్మా?"

"అది మీరు చూసుకోవాలి. మనిషిని కల్పించగలిగినవారికి ఎక్స్‌రే కల్పించడం ఏం కష్టం? ఎముక చూడకుండా నేను సంతకం పెట్టను."

ఆచార్య భోగలింగం గారు గొంతు సవరించుకున్నారు. "నాదొక మౌలికమైన సందేహం. చంద్రశిలా రాజ్యం ఏ శతాబ్దానికి చెందినది?"

"ఏ శతాబ్దమూ కాదండీ. అనగనగా."

"అనగనగా కాలంలో గేదెలున్నట్టు శాసనాధారం ఉందా?"

"అనగనగా కాలానికి శాసనాలే లేవు కదండీ!"

"చూశారా! ఆధారం లేదని వారే ఒప్పుకున్నారు," అని ఆయన అధ్యక్షుల వైపు తిరిగారు. "పైగా సేనాని పుట్టింది సామంత కుటుంబంలో. సామంతుల బిడ్డ పశువుల దగ్గర ఏం చేస్తున్నట్టు? స్థాయీ భంగం."

గేదెల తరఫు యువకుడు లేచి నిలబడ్డాడు. "సార్, గేదె సాధు జంతువు. కావాలని చిన్నపిల్లల్ని తొక్కదు. ఇలాంటి రాతలవల్ల పాడి పరిశ్రమ మీద ప్రజల్లో విశ్వాసం సన్నగిల్లే ప్రమాదం ఉంది. నా అభ్యంతరం నమోదు చేసుకోండి."

అంతవరకూ నోరు మూసుకుని కూర్చున్న నాంచారక్క ఇంక ఆగలేకపోయింది. "కావాలని తొక్కిందని ఎవరన్నారు బాబూ? జారిపోయింది. పాపం, నాకంటే అదే ఎక్కువ అరిచింది. ఇదుగో కాలు. చూడండి, అందరూ చూడండి!" అని చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాగి, బల్ల ముందు ఇటూ అటూ నడిచి చూపించింది.

అందరూ తలలు పక్కకి తిప్పుకున్నారు. మర్యాదస్తులు కదా.

"అమ్మా," అన్నారు త్రిపురాంతకం గారు ఎంతో శాంతంగా, "మీకు జరిగి ఉండవచ్చు. మేము కాదనడం లేదు. కాని జరగడం వేరు, నమ్మదగినట్టు జరగడం వేరు. ఈ మండలి పరిధిలోకి రెండోదే వస్తుంది."

"అంటే, నా కాలు నిజవే గానీ నమ్మరన్నమాట!"

"సరిగ్గా అర్థం చేసుకున్నారు," అని మెచ్చుకున్నారాయన. చేతులు జోడించి, మళ్ళీ రావద్దన్నట్టు నవ్వారు.

గేదె తొక్కడం వల్ల జీవితకాలం నడక వైవిధ్యం రావడం నమ్మశక్యం కాదని మండలి తీర్మానించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాని ఏం చేస్తాం, సర్కారు వారితో పేచీ. వేరే గాయం ఆలోచించుకుందామని ఇంటికి వచ్చాను. అక్క పంచదార కొనుక్కుని వచ్చింది. విషయం అక్కడితో అయిపోయిందనుకున్నాం.

అయిపోలేదు. మండలి తీర్మానాలు అన్ని శాఖలకూ వెళతాయని నాకెవరూ చెప్పలేదు. పై నెలలో బస్టాండు మేనేజరు అక్క కొట్టు దగ్గరికి వచ్చి, టీ కూడా అడక్కుండా నిలబడ్డాడు. టీ అడక్కపోయేసరికే అక్కకి అనుమానం వచ్చిందట. నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి ఆయన ఇంకా అక్కడే నసుగుతున్నాడు.

"ఏం చెయ్యమంటారండీ? ఈవిడ సర్టిఫికెట్లో కారణం గేదె తొక్కుడు అని ఉంది. గేదె తొక్కితే కాలు పోదని ప్రభుత్వమే తేల్చేసింది. కాబట్టి ఈవిడ కాలు బానే ఉన్నట్టు లెక్క. బానే ఉన్నవాళ్ళకి ఈ కోటాలో కొట్టు ఇవ్వకూడదు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

"బానే ఉందా?" అంది అక్క. గ్లాసులు కడిగే బకెట్టు ఆయన ముందు దభీమని పెట్టింది. "అయితే ఇది తీసుకుని ఆ కుళాయి దాకా నాతోపాటు నడువు. ఎవరు ముందెళతారో చూద్దాం. నీ కాలు ప్రభుత్వం నమ్మిందేవో గానీ, నా కాలు నాకు తెలుసు."

"నాకూ తెలుసమ్మా. రోజూ చూస్తన్నాను కదా. కాయితం నమ్మట్లేదు."

ఆయన వెళ్ళిపోయాక అక్క బల్లమీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోని మనిషి. "ఒరే మహేశం, నీ కథలో ఆ కుర్రాడికి నా కాలు ఎందుకు పెట్టావురా? నా దగ్గర ఉన్నదే అదొక్కటి," అంది. నవ్వుతూనే అంది.

ఇంక నాకు పట్టుదల వచ్చింది. సీరియల్ పోతే పోయింది, అక్క కొట్టు నిలబడాలి. పునర్విచారణకు పెట్టుకున్నాను. మండలి ఒప్పుకునే గాయం ఏదో ఒకటి దొరికితే, అదే కారణం అక్కకీ వర్తింపజేయవచ్చునని గుమాస్తా ఒకాయన చెప్పాడు. తత్సమాన లబ్ధి అంటారట దాన్ని. అక్కని వెంటబెట్టుకుని మళ్ళీ ఆ చల్లని హాలుకు వెళ్ళాను.

"ఏనుగు తొక్కిందండి," అన్నాను మొదట. గేదెను నమ్మనివారు ఏనుగును నమ్ముతారని నా ఆశ.

"స్థాయికి తగినది," అన్నారు భోగలింగం గారు.

"ఏనుగు తొక్కితే కాలొక్కటే పోదు, మనిషే పోతాడు," అన్నారు డాక్టరు వజ్రేశ్వరి. "చనిపోయినవాడు సేనానిగా ఎలా నియమితుడయ్యాడో నియామక పత్రం చూపించండి."

"పోనీ, గుర్రం మీంచి పడ్డాడు."

"ఆరేళ్ళ బిడ్డను గుర్రం ఎక్కించిన తండ్రి మీద బాలల రక్షణ చట్టం కింద చర్య తీసుకున్నారా?" అని అధ్యక్షులు అడిగారు. "తీసుకోకపోతే రాజు కూడా ముద్దాయే."

"కోటగోడ మీంచి పడ్డాడు."

ఇది విని త్రిపురాంతకం గారికి ఎక్కడలేని హుషారు వచ్చింది. నీళ్ళ శాఖ మనిషి అయినా ఇంజనీరే కదా. గోడ ఎత్తెంత, పిట్టగోడ ఎందుకు కట్టలేదు, ఏ కాంట్రాక్టరు కట్టాడు, నాణ్యతా తనిఖీ చేసింది ఎవరు అని చాలాసేపు అడిగారు. చంద్రశిలా దుర్గం కూల్చి మళ్ళీ కట్టవలసిందేనని ఆయన అభిప్రాయం. కూలిస్తే మా రెండు తలల పాము ఎక్కడికి పోవాలో ఆయనకి పట్టలేదు.

ఉయ్యాల మీంచి పడ్డాడన్నాను. ఉయ్యాల తాడు పరీక్షకు పంపమన్నారు. బిళ్ళంగోడు ఆటలో బిళ్ళ తగిలిందన్నాను. కొట్టిన పిల్లవాడి పేరు, తండ్రి పేరు చెప్పమన్నారు. పక్కన అక్క కొంగుతో విసురుకుంటోంది, హాలు అంత చల్లగా ఉన్నా.

చిరాకు నషాళానికంటింది. "ఇవేవీ కాదండీ! ఏ మునో శపించాడు! పో, నీ కాలు వంకర పోనీ అన్నాడు! పోయింది! చాలా?" అని అరిచేశాను.

ఇప్పుడు పోలీసుల్ని పిలుస్తారనుకున్నాను. త్రిపురాంతకం గారు మెల్లగా ముందుకు వంగారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అదీ! అలా చెప్పండి. ఇంతసేపూ ఆ మాట చెప్పరేం?"

"శాపం నమ్మదగినదే," అన్నారు భోగలింగం గారు. "మన వాఙ్మయం నిండా ఉంది."

"శాపం వల్ల వచ్చినది వైద్యానికి లొంగదు, కాబట్టి నా పరిధిలోకి రాదు. నాకు అభ్యంతరం లేదు," అన్నారు డాక్టరు గారు. ఎక్స్‌రే కూడా అక్కర్లేదన్నారు.

గేదెల యువకుడు చెయ్యెత్తాడు. "ముని గేదె రూపంలో వచ్చి తొక్కినట్టు రాసుకున్నా మా శాఖకి ఇబ్బంది లేదు సార్. అప్పుడు బాధ్యత మునిది, గేదెది కాదు."

గేదె కూడా వెనక్కి వచ్చింది. ఏకగ్రీవంగా ఆమోదించారు. ఇక అక్క వంతు. అధ్యక్షులు ఆమె వైపు తిరిగి, "అమ్మా, మిమ్మల్ని శపించిన మునీశ్వరుల వారి నామధేయం?" అన్నారు.

అక్క నా వైపు చూసింది. నేను కళ్ళతోనే బతిమాలాను. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు, టీ పాలల్లో నీళ్ళు కలపనిది ఆ బస్టాండు మొత్తానికి ఆవిడొక్కతే.

"అప్పుడు నాకు ఆరేళ్ళు బాబూ," అంది నిదానంగా. "కాలిమీద నిలబడ్డవాళ్ళని పేరడిగే ఓపిక నాకు లేదు."

"సహజం," అన్నారాయన, రాసుకుంటూ.

బయటికి వచ్చాక గేటు దగ్గర అక్క ఆగి, "ఆ గేదె పాలు తాగే నేను పెద్దదాన్నయ్యాను. ఇప్పుడు దాన్ని మునిని చేసేశారు. సర్లే, కొట్టు ఉంది కదా," అంది. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. దారిలో జిలేబీ కూడా తిన్నాం.

అయితే, తెలుగుదేశంలో శాపం అంటూ పుట్టాక దాని వెనకే ఇంకొకటి పుడుతుందన్న సంగతి నేను మరిచిపోయాను. జానపదాలు రాసేవాణ్ణి, నేనే మరిచిపోతే ఎలా? ఎంతటి కోపిష్టి ముని అయినా, కాళ్ళమీద పడగానే కరిగిపోయి విమోచనం చెప్పి వెళ్ళడం మన ఆనవాయితీ. చెప్పకపోతే అతను ముని కాదు, రౌడీ. మండలి ఆ పాయింటు పట్టుకుంది.

మళ్ళీ పిలిచారు. "శాపవిమోచనం ఎలా, ఎప్పుడు?" అన్నారు అధ్యక్షులు. "విమోచనం ఉన్నదంటే ఈ వైవిధ్యం తాత్కాలికం. తాత్కాలికమైనదానికి శాశ్వత లబ్ధి ఇవ్వరాదు."

"విమోచనం లేదండీ. ముని హడావిడిలో మర్చిపోయాడు."

"విమోచనం లేని శాపం నమ్మశక్యం కాదు," అన్నారు భోగలింగం గారు వెంటనే. తక్కినవారు తలలూపారు.

అక్కడికక్కడే ఒకటి అల్లాను. రాజవంశంలో పుట్టిన కన్య తన స్వహస్తాలతో ఆ పాదం కడిగితే శాపం తీరుతుంది. రాజులు పోయి ఎన్నాళ్ళయింది, ఇంక రాజకన్య ఎక్కడ దొరుకుతుందిలే అని నా ధీమా. నవలలోనైతే రాకుమారి మకరందవల్లి ఉంది, చివర్లో ఉద్దండవర్మను ఎలాగూ పెళ్ళాడుతుంది, ఆ సందర్భానికి పనికొస్తుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు అని మురిసిపోయాను.

ప్రభుత్వం తలుచుకుంటే దొరకనిదేముంది? మా పక్క ఊరి జమీందారు గారి మునిమనవరాలు ఇందుమతి బ్యాంకులో పనిచేస్తోంది. పెళ్ళి కాలేదు. ఆ అమ్మాయికి ఉత్తర్వు వెళ్ళింది. ఒక సోమవారం పొద్దున్నే తాసిల్దారు, మండలి సభ్యులు, ఫొటోగ్రాఫరు, ఇత్తడి బిందె, కుర్చీ, షామియానా మా బస్టాండులో దిగాయి. ఊరంతా విరగబడింది. బస్సులు కదలలేదు, ఎక్కవలసినవాళ్ళే దిగి వచ్చారు.

పాపం ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతోంది. పట్టుచీర కట్టుకు రమ్మన్నారట. "సారీ ఆంటీ. మా మేనేజరు వెళ్ళమన్నారు. మాకు కోట కూడా లేదు, అద్దె ఇంట్లో ఉంటున్నాం," అంది మెల్లగా.

"నువ్వేం చేస్తావమ్మా, నీళ్ళు పొయ్యి. ఎండగా ఉంది, హాయిగానే ఉంటది," అంది అక్క.

ఆ అమ్మాయి నీళ్ళు పోసి, రెండు చేతులతో కాలు కడిగి, తన కొంగుతోనే తుడిచింది. తుడవమని ఉత్తర్వులో లేదు. "ఇప్పుడు నడవండి," అన్నారు డాక్టరు గారు. ఎవరో వెనకనుంచి "గోవిందా" అని అరిచారు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

అక్క నవ్వలేదు. కుర్చీలోంచి లేచి, ఆ ఎడమ పాదాన్ని నేలమీద మెల్లగా ఆన్చింది. మడమ కూడా ఆన్చడానికి చూసింది. ఆ మడమ ఎప్పుడూ నేలకు అందదు, ఆవిడకి తెలుసు. అయినా ఒకసారి ఒత్తి చూసింది. తర్వాత ఎప్పట్లాగే నడిచి వెళ్ళి స్టవ్వు వెలిగించింది.

"విమోచనం సిద్ధించలేదు," అని ప్రకటించారు త్రిపురాంతకం గారు. ఆయన గొంతులో నిరాశ. విజయవంతమైన మొదటి విమోచనంగా వార్షిక నివేదికలో వేసుకుందామనుకున్నారట.

అయినా వదల్లేదు. వారం తిరక్కుండా తుది ఉత్తర్వు వచ్చింది. అధ్యక్షులు నన్ను కూర్చోబెట్టి వివరించారు. "ఈ కేసులో మూలం ఉద్దండవర్మ గారు. మీ అక్కగారు నకలు. మూలానికి ఏది వర్తిస్తే నకలుకూ అదే. నవలలో సేనాని పాదానికి విమోచనం కలిగిన రోజునే మీ అక్కగారికీ కలిగినట్టు భావించి సర్టిఫికెట్ రద్దవుతుంది. అంతవరకూ కొట్టుకు ఢోకా లేదు. చాలా మానవీయమైన పరిష్కారం."

ఆ మాట అక్కకీ వివరంగా చెప్పారు. "అలాగే బాబూ," అని ఊరుకుంది.

శాపానికి ఆమోదం దొరికాక మళ్ళీ మొదలైన సీరియల్ అప్పటికి ముగింపుకు వచ్చింది. కాశీపతి రోజూ ఫోను. "ఉత్తరాలు కుప్పలుగా వస్తన్నాయండీ! శాపం తీరాలి, పెళ్ళవ్వాలి. మకరందవల్లి వెండి పళ్ళెంలో కాలు కడుగుతుంటే సేనాని లేచి తిన్నగా నడవాలి. కవరుపేజీ బొమ్మ కూడా వేయించేశాను."

"ఆయన తిన్నగా నడిస్తే మా అక్క రోడ్డున పడుద్దయ్యా."

"ఏంటండీ, జోకా?"

జోకే. కాని నాది కాదు, ప్రభుత్వానిది. నాలుగైదు ముగింపులు రాసి చింపేశాను. వ్రాతకాణ్ణి కదా, చివరికి ఒక ఉపాయం తట్టింది. మకరందవల్లి వెండి పళ్ళెంతో వస్తుంది. వంగి పాదం అందుకోబోతుంది. అప్పుడు ఉద్దండవర్మ కాలు వెనక్కి లాక్కుని, "వద్దు రాకుమారీ! ఇది నా కాలు. నన్ను నన్నుగా నిలబెట్టిన కాలు. దీనిని మార్చవలదు," అంటాడు. ఆమె కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఇద్దరూ ఒకే గుర్రమెక్కి సూర్యోదయంలోకి వెళ్ళిపోతారు. రాసి చదువుకుంటే నా కళ్ళూ చెమ్మగిల్లాయి. ఆహా, ఆత్మగౌరవమంటే ఇదీ అనుకున్నాను.

జనం విరగబడి మెచ్చుకున్నారు. కాశీపతి కవరు మీద పళ్ళేన్ని చెరిపించి గుర్రం వేయించాడు. ఈ నవల నడక వైవిధ్యాన్ని సమున్నతంగా గౌరవించిందని మండలి అభినందన తీర్మానం చేసింది. త్రిపురాంతకం గారు ఆ ఒక్క పేజీ చదివారట, అది ఆయన చదివిన మొదటి సాహిత్యం. అన్నిటికన్నా ముఖ్యం, అక్క కొట్టు నిలబడింది. విమోచనం లేకుండానే కథ ముగిసింది కాబట్టి ఇంక ఎప్పటికీ జరగదు. బస్టాండు మేనేజరు వచ్చి టీ అడిగాడు.

ఆ సంచిక వచ్చిన రోజు నేను కావాలనే కొట్టు దగ్గరికి వెళ్ళాను. మెప్పు దొరికే చోటికి వెళ్ళడం రచయితలకు అలవాటే. కండక్టరు వీరాస్వామి పైకి చదువుతున్నాడు. సేనాని కాలు వెనక్కి లాక్కున్న చోట డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల కూడా వేశాడు. బస్సు హారను మోగేసరికి అందరూ లేచి వెళ్ళిపోయారు. అక్క నాకు టీ పోసి ఇచ్చింది.

"బాగుందా అక్కా?"

"బాగానే ఉంది. ఎవడన్నా కాలు ఎనక్కి లాక్కుంటాడ్రా?"

నేను ఏదో ఆత్మగౌరవం గురించి చెప్పబోయాను.

"ఊరుకో. ఆ బ్యాంకు పిల్ల నీళ్ళు పోస్తంటే నేను లాక్కున్నానా?" అంది. గ్లాసులు బకెట్లో ముంచుతూ, నా వైపు చూడకుండా అంది. "నా కొట్టు కోసం వాడిచేత ఆ మాట అనిపించావు, నాకు తెలవదనుకున్నావా? కొట్టు పోతే గుడి దగ్గర బల్లేసుకునేదాన్ని. నీ చేతిలో పనే కదరా. వాడి కాలైనా బాగుచెయ్యాల్సింది."